షార్ట్‌స్టాప్ బ్యారీ లార్కిన్

శ్రోతలకు నమస్కారం. క్రికెట్‌లో పాయింట్ దగ్గర చురుగ్గా కదిలే ఫీల్డరంటే మనకు ముచ్చట. బేస్‌బాల్‌లో అలాంటివాడు షార్ట్‌స్టాప్. బేస్‌లంటే పరుగు కోసం బ్యాటర్ వరసగా చేరాల్సిన గుర్తులు. షార్ట్‌స్టాప్ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడతాడు. బ్యాటర్లలో కుడిచేతివాళ్లు ఎక్కువ, వాళ్లు కొట్టే నేలబారు బంతులు ఎక్కువగా అటే వస్తాయి. ఆ చోట 19 సీజన్లు సొంత ఊరి జట్టుకే ఆడినవాడు బ్యారీ లార్కిన్.

పుట్టింది 1964లో, అమెరికాలోని సిన్సినాటిలో. 1982లో హైస్కూల్ పూర్తవుతూనే వృత్తి జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా తీసుకునే డ్రాఫ్ట్‌లో సిన్సినాటి రెడ్స్ జట్టు అతణ్ని రెండో రౌండులో ఎంచుకుంది. లార్కిన్ వెళ్లలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఆడదామని మిచిగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తొలి ఏడాది ఫుట్‌బాల్ కోచ్ బో షెమ్‌బెక్లర్ అతణ్ని మ్యాచ్‌లకు దించలేదు. దాంతో బేస్‌బాల్ మీదే మనసు నిలిచింది. 1985లో అదే రెడ్స్ మళ్లీ ఎంచుకుంది, ఈసారి దేశం మొత్తం మీద నాలుగోవాడిగా. ఆ మూడేళ్ల ఓపిక వృథా పోలేదు.

కాలేజీ నుంచి వృత్తి ఆటకు వచ్చేవాడికి మొదటి దెబ్బ బ్యాటుతోనే తగులుతుంది. కాలేజీలో అల్యూమినియం బ్యాటు. పిడి దగ్గర తగిలినా బంతి ఇన్‌ఫీల్డ్, అంటే బేస్‌ల మధ్య ప్రాంతం, దాటిపోగలదు. వృత్తి లీగుల్లో కర్రబ్యాటే వాడాలి. అదే పొరపాటుకు బ్యాటు విరుగుతుంది, బంతి మెల్లగా దొర్లుతుంది. లార్కిన్ ఎంత బాగా సర్దుకున్నాడంటే, 1988లో 588 ఎట్‌బ్యాట్లలో, అంటే బ్యాటింగ్ వంతుల్లో, 24 సార్లే స్ట్రయికవుటయ్యాడు, అంటే మూడు స్ట్రయిక్‌లతో అవుటయ్యాడు.

అయినా అసలు విద్య ఫీల్డింగ్‌లో ఉంది. బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు. బ్యాటర్ మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్లకు కాస్త అటూఇటూగా పడుతుంది. ఆలోపు బంతి అందుకుని, గ్లవ్‌లోంచి తీసి, ఒక్కోసారి 120 అడుగులకు పైగా విసరాలి. అందుకే షార్ట్‌స్టాప్ గ్లవ్ చిన్నది, సుమారు 11.5 అంగుళాలు, గుంట కూడా లోతు తక్కువ. లోతెక్కువైతే బంతి కోసం వేళ్లు తడుముకోవాలి, రన్నరు బేస్ చేరిపోతాడు. గ్లవ్‌ను ముందే నేలకు దించి ఉంచాలి. బంతి లేస్తే చెయ్యి పైకి తేవడం తేలిక. పైనున్న చేతిని ఆఖరి క్షణంలో దించబోతే బంతి కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోతుంది.

రెడ్స్ ఆడిన రివర్‌ఫ్రంట్ స్టేడియంలో కృత్రిమ పచ్చిక ఉండేది. దానిమీద బంతి మరింత వేగంగా వస్తుంది కాబట్టి కాస్త వెనక నిలబడాలి, అంటే విసిరే దూరం పెరుగుతుంది. లార్కిన్‌కు ముందు అక్కడ షార్ట్‌స్టాప్‌గా ఆడిన డేవ్ కన్సెప్సియోన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. మొదటి బేస్‌కు ఒక్క టప్పాతో చేరేలా విసిరేవాడు. ఆ పచ్చిక మీద టప్పా పడ్డా వేగం పెద్దగా తగ్గదు.

విసరడమే పని అయినవాడికి మోచెయ్యి ప్రాణం. 1989లో మేటి ఆటగాళ్ల ఆల్‌స్టార్ మ్యాచ్ సందర్భంగా జరిగిన నైపుణ్య పోటీలో లార్కిన్ మోచెయ్యి దెబ్బతింది. ఆ ఏడాది 97 మ్యాచ్‌లే ఆడాడు. మరుసటి ఏడాదే రెడ్స్ సీజన్ ఫైనలైన వరల్డ్ సిరీస్‌లో ఓక్లండ్ జట్టును 4-0తో ఓడించింది. 1995లో రెడ్స్ ఆడే నేషనల్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. 1996లో 33 హోమ్‌రన్లు, అంటే కంచె దాటించిన షాట్లు; 36 దొంగిలించిన బేస్‌లు, అంటే బ్యాటర్ కొట్టకుండానే రన్నరుగా పరుగెత్తి చేరిన బేస్‌లు. ఒకే సీజన్‌లో రెండూ 30 దాటించిన తొలి షార్ట్‌స్టాప్ ఇతనే. 2004తో ఆట ముగించాడు, 2012లో మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

తర్వాత టీవీ విశ్లేషణ. ఎంఎల్‌బీ నెట్‌వర్క్, ఈఎస్‌పీఎన్ చానళ్లు, 2021 నుంచి రెడ్స్ సొంత మైదానం మ్యాచ్‌లు. వ్యాఖ్యాతల్లో ఒకరు జరిగింది చెబుతారు, విశ్లేషకుడు ఎందుకు జరిగిందో చెప్పాలి. 2023లో పిచ్ గడియారం వచ్చాక ఈ పని కష్టమైంది. ఇప్పుడు బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నరుంటే 18 సెకన్లలో పిచర్, అంటే మన బౌలర్ లాంటివాడు, బంతి వేయడం మొదలుపెట్టాలి. ఆ వ్యవధిలో వాక్యం పూర్తికావాలి. మాజీ షార్ట్‌స్టాప్‌కు ఇక్కడ పాత అలవాటు కలిసొస్తుంది. బంతి పడకముందే అందరూ ఎక్కడున్నారో చూడటం అతని రోజువారీ పని. మొదటి బేస్ మీద రన్నరుంటే, ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసే డబుల్ ప్లే కోసం షార్ట్‌స్టాప్ రెండడుగులు ముందుకొచ్చి రెండో బేస్ వైపు జరుగుతాడు. మూడో బేస్ వైపు సందు పెద్దదవుతుంది. విశ్లేషకుడు ఆ మాట ముందే చెబితే, బంతి ఆ సందులోంచి దూసుకుపోయినప్పుడు కారణం ప్రేక్షకుడికి అప్పటికే తెలిసి ఉంటుంది.