ప్రమోషన్ ఆగింది, మరి రికార్డులో ఏముంది?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో ఒకరు మిలట్రీలో ఉంటే ఈ మాట ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు: "ఈసారి బోర్డులో నా పేరు రాలేదు." ఫోన్‌లో అంతకంటే ఎక్కువ చెప్పరు. జీతం పెరగలేదు కాబోలు అనుకుని ఇంట్లోవాళ్ళూ ఊరుకుంటారు. జీతం సంగతి అలా ఉంచండి. సైన్యంలో జవాను ఎన్నేళ్ళు ఉద్యోగం చేస్తాడన్నది అతని ర్యాంకు మీద ఆధారపడి ఉంటుంది. నాయక్‌కి 22 ఏళ్ళ సర్వీసు, హవల్దార్‌కి 24, నాయబ్ సుబేదార్‌కి 26, సుబేదార్‌కి 28. అర్హత ఉంటే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. వయసు పరిమితి కూడా ఉందనుకోండి. పద్దెనిమిదో ఏట చేరి, హవల్దార్ దగ్గరే ఆగిపోయినవాడు నలభై రెండుకో నలభై నాలుగుకో పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేస్తాడు. పిల్లలు అప్పటికి ఇంటర్లో ఉంటారు. పెన్షన్ కూడా ఆ ర్యాంకుకు తగ్గదే.

ఫలానా సాబ్ నా మీద కక్షతో ఆపాడు అని జవాను అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఆ కక్షకైనా, నిర్లక్ష్యానికైనా ఒక కాగితం మీద జాడ ఉంటుంది. ఆ జాడ పట్టుకోవడం ఎలాగన్నదే ఈవేళ్టి ప్రసంగం.

యూనిట్లలో క్లర్కు పని చేసినవాణ్ణి కాబట్టి కాగితాల దగ్గర్నుంచే మొదలుపెడతాను. జవాను సర్వీసు చరిత్ర షీట్ రోల్‌లో ఉంటుంది. అందులోకి ఏది ఎక్కాలన్నా యూనిట్ పార్ట్ టూ ఆర్డర్ అనే ఉత్తర్వు వేయాలి. పెళ్ళి, బిడ్డ పుట్టడం, సెలవు, పాసైన కోర్సు, మెడికల్ కేటగిరీ, పడిన శిక్ష, అన్నిటికీ అంతే. ఆ ఆర్డర్ రికార్డు ఆఫీసుకు చేరాలి. సైన్యంలో బండ్లూ యంత్రాలూ మరమ్మతు చేసే ఈఎంఈ వాళ్ళ రికార్డు ఆఫీసు మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్టిలరీ సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా వాళ్ళ రికార్డులు నాసిక్‌లో ఉంటాయి. ఎయిర్‌ఫోర్స్‌లో ఇదే పని చేసే కాగితాన్ని పీఓఆర్ అంటారు.

ఇక్కడ జరిగే తప్పు చాలా మామూలుగా ఉంటుంది. కుర్రాడు ప్రమోషన్‌కు కావలసిన కేడర్ పరీక్ష పాసయ్యాడు. సర్టిఫికెట్ ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. ఆ వారంలోనే యూనిట్ ఫీల్డ్ ఏరియాకు కదిలింది. పార్ట్ టూ ఆర్డర్ పడలేదు. రికార్డు ఆఫీసు లెక్కలో అతను ఆ పరీక్ష రాయనే లేదు. పేరు జాబితాకు ఎక్కదు. ఇలాంటి తప్పును వెంటనే పట్టుకుంటే కోర్టు గుమ్మం ఎక్కనక్కర్లేదు. సర్టిఫికెట్ నకలు జతచేసి, కంపెనీ కమాండర్ ద్వారా అర్జీ పెట్టి, ఆలస్యంగానైనా ఆర్డర్ వేయిస్తే చాలు. ఏడాదికి ఒకసారి తన షీట్ రోల్ తాను చూసుకుని సంతకం పెట్టే అవకాశం వచ్చినప్పుడు, వెనక వరుస నిలబడి ఉందని గబగబా పెట్టేయకూడదు. పెట్టేస్తాం. అందరం అంతే.

కష్టమల్లా రెండో రకంతో వస్తుంది. అదే ఏసీఆర్, అంటే ఏడాదికోసారి పై అధికారి రాసే రిపోర్టు. హవల్దార్ నుంచి నాయబ్ సుబేదార్ కావాలంటే ప్రమోషన్లు తేల్చే కమిటీ, అదే డీపీసీ, చివరి ఐదు ఏసీఆర్‌లు ముందేసుకుని కూర్చుంటుంది. అందులో ఒక్క ఏడాది గ్రేడు తగ్గినా పేరు పక్కకు పోవచ్చు. ఆ గ్రేడు చెడ్డది కానక్కర్లేదు. చాలామందికి మింగుడుపడనిది ఇక్కడే. "నాకు బాగానే రాశారు కదా సార్, మరి ఎందుకు ఆపారు?" అని అడుగుతారు.

దీనికి సుప్రీంకోర్టు ఇచ్చిన జవాబు ఒకటుంది. దేవ్‌దత్ అనే ఆయన బోర్డర్ రోడ్స్ ఇంజనీరింగ్ సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్. సూపరింటెండింగ్ ఇంజనీర్ కావాలంటే వరసగా ఐదేళ్ళు 'వెరీ గుడ్' ఉండాలి. 1993-94లో ఆయనకు 'గుడ్' అని రాశారు. రాసినట్టు ఆయనకు చెప్పలేదు. చెడ్డ మాట రాస్తేనే చెప్పాలి, మంచి మాటకు చెప్పేదేముంది అన్నది ప్రభుత్వం వాదన. 2008 మేలో కోర్టు ఆ వాదనను తోసేసింది. ఆ 'గుడ్' ఆయన్ను పోటీలోంచే తప్పించిందంటే, ఆయన మటుకు అది చెడ్డ ఎంట్రీయే అంది. రెండు నెలల్లో ఆ ఎంట్రీ ఆయనకు తెలియజేయాలి, అభ్యంతరం రాసుకోనివ్వాలి, గ్రేడు పెంచితే పాత తేదీ నుంచే ప్రమోషన్‌కు పరిశీలించాలి అని ఆదేశించింది. అప్పటికే ఆయన రిటైరయ్యారు. ఎంపికైతే పెరిగిన పెన్షన్, బకాయిలు, వాటి మీద 8 శాతం వడ్డీ ఇమ్మంది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఈ తీర్పు సరైనదేనని ఖాయం చేసింది.

ఇంత మంచి తీర్పులో ఒక మినహాయింపు పెట్టారు. ఇది సైనిక అధికారులకు వర్తించదు అన్నారు. సరిహద్దులో రోడ్డు వేసే ఇంజనీరుకు తన గ్రేడు తెలుసుకునే హక్కుంది. అదే రోడ్డు మీద కాన్వాయ్ నడిపించే మేజర్‌కు అంత హక్కు లేదు. సైన్యంలో పై అధికారి మొహమాటం లేకుండా రాయాలంటే గోప్యత ఉండాలంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయినా అందుకు ఇంత గోడ అవసరమని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆఫీసర్ల మీద రాసే ఇలాంటి రిపోర్టును సీఆర్ అంటారు. అది ముగ్గురి చేతుల మీదుగా వెళుతుంది: రాయడం మొదలుపెట్టే అధికారి, ఆయన పైన సమీక్షించే అధికారి, ఆ పైన ఇంకొకరు. తొమ్మిదికి మార్కులు. ఏడూ ఎనిమిదీ 'అబవ్ యావరేజ్' కిందికి వస్తాయి. వినడానికి గొప్పగా ఉంటుంది. తోటివాళ్ళకు ఎనిమిదులూ తొమ్మిదులూ పడుతున్నచోట ఆ ఏడు దెబ్బ తీస్తుంది. మొదటి అధికారి రాసింది చూపించి సంతకం తీసుకుంటారు. పై ఇద్దరూ వేసిన మార్కులు చూపించరు. లెఫ్టినెంట్ కల్నల్ నుంచి కల్నల్ కావాలంటే నంబర్ త్రీ సెలక్షన్ బోర్డు. బోర్డు సభ్యుల ముందు పేరు ఉండదు, ముఖం ఉండదు, ఆ మార్కుల పట్టికే ఉంటుంది. ఇది న్యాయమైన పద్ధతే. కాకపోతే పట్టిక తప్పయితే బోర్డు ఎంత నిజాయితీగా కూర్చున్నా ఫలితం తప్పే వస్తుంది.

దీనికి మహిళా అధికారుల కేసును మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. 2020 ఫిబ్రవరి 17న బబితా పునియా కేసులో, షార్ట్ సర్వీస్‌లో, అంటే కొన్నేళ్ళ గడువు మీద ఉన్న మహిళలను కూడా పర్మనెంట్ కమిషన్‌కు, అంటే రిటైర్మెంటు దాకా ఉండే ఉద్యోగానికి పరిశీలించాలని సుప్రీంకోర్టు చెప్పింది. సైన్యం బోర్డు కూర్చోబెట్టింది. చూడండి, ఏ సీఆర్‌లు చూశారో. పదిహేనేళ్ళూ ఇరవై ఏళ్ళూ సర్వీసు చేసినవాళ్ళకు ఐదో ఏడాది దాకా, లేదా పదో ఏడాది దాకా ఉన్న రిపోర్టులే చూశారు. ఆ తర్వాత వాళ్ళు చేసిన కోర్సులు, వచ్చిన మెడల్స్, నడిపిన యూనిట్ల బాధ్యతలు లెక్కలోకి రాలేదు. పైగా ఆ పాత రిపోర్టులు ఎలాంటి రోజుల్లో రాసినవి? ఆడ ఆఫీసర్లకు పర్మనెంట్ కమిషన్ ఉండదని రాసేవాళ్ళకు తెలుసు. ఇంకొన్నేళ్ళలో వెళ్ళిపోయేవాళ్ళే కదా అన్న ధోరణిలో మార్కులు వేశారు. ఆ మార్కుల్నే తీసుకుని మగ ఆఫీసర్లతో పోల్చారు. మెడికల్ విషయంలోనూ అంతే. మగవాళ్ళకు పాతికా ముప్ఫై ఏళ్ళ వయసులో పెట్టిన కొలతను, నలభై దాటి పిల్లల్ని కని పెంచిన ఆడవాళ్ళకు ఇప్పుడు పెట్టారు.

2021 మార్చి 25న లెఫ్టినెంట్ కల్నల్ నితీషా కేసులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఎం.ఆర్. షా బెంచి దీన్ని తప్పుబట్టింది. పైకి అందరికీ ఒకే నియమంలా కనిపించినా, దాని ఫలితం మాత్రం ఆడవాళ్ళ మీదే పడితే అదీ వివక్షేనంది. బోర్డులో 60 శాతం మార్కులు తెచ్చుకుని, మెడికల్, క్రమశిక్షణ విషయాల్లో అడ్డం లేనివాళ్ళకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలంది.

కథ అక్కడితో ఆగలేదు. కల్నల్ ప్రమోషన్ల దగ్గర మళ్ళీ అదే గొడవ. తొమ్మిదేళ్ళ సర్వీసు తర్వాత వచ్చిన సీఆర్‌లన్నీ చూడాలని సైన్యం విధానంలోనే ఉంది. మహిళల విషయానికి వచ్చేసరికి ఏ తేదీ వరకున్న సీఆర్‌లు చూడాలన్న కటాఫ్‌ను వేరుగా పెట్టారు. 2023 నవంబర్ 3న సుప్రీంకోర్టు ఇది ఏకపక్షమని చెప్పి, ప్రత్యేక బోర్డును పదిహేను రోజుల్లో మళ్ళీ కూర్చోబెట్టమంది. గమనించండి, ఫలానా ఆమెను కల్నల్ చేయండి అని కోర్టు అనలేదు. సరైన కాగితాలు పెట్టుకుని మళ్ళీ చూడమంది.

కోర్టులు ఇచ్చేది దాదాపు ఎప్పుడూ ఇంతే. తప్పు ఎంట్రీ తీసేస్తారు, లేదా పక్కన పెట్టిన రిపోర్టు లోపలికి తెస్తారు. ఆ తర్వాత బోర్డు స్పెషల్ రివ్యూ కింద మళ్ళీ పరిశీలించాలి. బోర్డు కుర్చీలో మేం కూర్చోం అని జడ్జీలు పదేపదే చెప్పారు. అందుకే, నేను యోగ్యుణ్ణి, నాకు ప్రమోషన్ ఇప్పించండి అని రాసిన అర్జీ తేలిపోతుంది. నిలబడే అర్జీ వేరేలా ఉంటుంది. ఫలానా ఏడాది రిపోర్టు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు. అంతకు ముందు నాలుగేళ్ళూ, ఆ తర్వాత మూడేళ్ళూ ఇంత గ్రేడు ఉంటే ఈ ఒక్క ఏడాదే ఎందుకు పడింది? రాసిన ఆఫీసర్ కింద కనీసం 90 రోజులు పనిచేశానా? ఆ ఏడాది నన్ను మందలించిన కాగితం ఒక్కటైనా ఉందా? ఇలా రాయాలి. ఆఫీసర్‌ను తిట్టే వాక్యాలు ఎన్ని కొట్టేస్తే అర్జీకి అంత బలం.

దారి ఇలా ఉంటుంది. ఆర్మీ చట్టం 26వ సెక్షన్ కింద జవాన్లు, జేసీఓలు (నాయబ్ సుబేదార్, ఆ పై సుబేదార్లు), 27వ సెక్షన్ కింద ఆఫీసర్లు ఫిర్యాదు చేసుకోవచ్చు. ఆఫీసర్ల ఫిర్యాదు కేంద్ర ప్రభుత్వం దాకా వెళుతుంది. అక్కడ న్యాయం జరగకపోతే సైనికుల సర్వీసు కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో వచ్చింది, 2009 ఆగస్టులో పని మొదలుపెట్టింది. ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి వెళితే మామూలుగా తీసుకోరు. ఫిర్యాదు పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే మాత్రం వెళ్ళొచ్చు. జవాబు వస్తే, వచ్చిన రోజు నుంచి ఆరు నెలల్లోపు వేయాలి. ఆలస్యానికి గట్టి కారణం ఉంటే క్షమిస్తారు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవడం ప్రమాదం. ట్రిబ్యునల్ తలచుకుంటే అసలు సీఆర్ ఫైలు తెప్పించుకుని చూడగలదు. మీకు చూపించని మార్కులు ఆ జడ్జీ చూస్తారు. ఈ ఒక్క సంగతికే అక్కడికి వెళ్ళడం దండగ కాదు.

ఆలస్యం ఎంత పని చేస్తుందో జనరల్ వీకే సింగ్ విషయంలో దేశమంతా చూసింది. ఆయన పుట్టిన సంవత్సరం ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లోనే ఒక శాఖ దగ్గర 1950, ఇంకో శాఖ దగ్గర 1951. ఎప్పుడు రిటైరవ్వాలన్నది దాని మీదే ఆధారపడింది. ఆయన మెట్రిక్ సర్టిఫికెట్ 1951 అంటుంది. ఎన్‌డీఏ దరఖాస్తులో 1950 అని ఉంది. మధ్యలో ప్రమోషన్ల సమయంలో 1950నే ఒప్పుకుంటూ ఉత్తరాలు ఇచ్చారు. సైన్యాధ్యక్షుడిగా ఉండి సుప్రీంకోర్టుకు వెళ్ళినా, 2012 ఫిబ్రవరి 10న పిటిషన్ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మే 31న రిటైరయ్యారు. ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరాలు అంత బలంగా అడ్డం నిలబడ్డాయి. జవానుకైనా అదే వర్తిస్తుంది: 'నాకు అభ్యంతరం లేదు' అన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ఆలోచించుకోవాలి.

మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళకు దగ్గరి ట్రిబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. సర్వీసులో ఉన్నవాళ్ళు ప్రస్తుతం పోస్టింగ్ ఉన్నచోట బెంచిలో కూడా వేసుకోవచ్చు. రిటైరైనవాళ్ళు నివాసం ఉన్నచోటి బెంచికి వెళ్ళొచ్చు. అక్కడ ఓడిపోతే ఒకప్పుడు సుప్రీంకోర్టు తప్ప దిక్కు లేదనేవారు. 2023 మార్చిలో పరషోత్తమ్ దాస్ కేసు తర్వాత, ట్రిబ్యునల్ తీర్పు మీద హైకోర్టుకు రిట్ వేసుకునే దారి తెరుచుకుంది. ఢిల్లీ ఖర్చులు పెట్టుకోలేని కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

తాడేపల్లిగూడెం దగ్గర మిలట్రీ మాధవరం ఉంది కదా, అక్కడ తరతరాలుగా సైనికులున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్ళలో వాళ్ళకి నేను చెప్పేది ఒకటే: సెలవు మీద వచ్చినప్పుడు మీవాడి కాగితాలకు జిరాక్సు తీయించి ఇంట్లో ఒక సెట్టు పెట్టుకోండి. కోర్సు సర్టిఫికెట్లు, పార్ట్ టూ ఆర్డర్ల నకళ్ళు, మెడికల్ బోర్డు కాగితం, ఏ తేదీన ఏ యూనిట్‌లో చేరాడో ఒక తెల్లకాగితం మీద. రిటైరై వచ్చాక అనుమానం వస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే, రికార్డు ఆఫీసుకు ఎలా రాయాలో చెబుతారు. రాసేటప్పుడు సర్వీసు నంబరు, ర్యాంకు, డిశ్చార్జి తేదీ మొదటి వరుసలోనే వేయండి, స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు పారేయకండి.

నమస్కారం.