అవ్వ కథ రాసేముందు ఏళ్ళు తేల్చుకోండి

[తెర మీద: తెరిచిన ట్రంకు పెట్టె. పాత దస్తావేజు, రేషన్ కార్డు, అంచులు చిరిగిన స్టూడియో ఫోటో.]

ఇంట్లో అవ్వ గురించో, ధర్మవరంలో నలభై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి గురించో రాద్దామని కూర్చుంటారు. మొదటి వాక్యం దగ్గరే పెన్ను ఆగిపోతుంది. ఎప్పుడు పుట్టింది?

ఆధార్ చూస్తే జనవరి 1. ఆమె అన్న బడి సర్టిఫికెట్ చూస్తే జూలై 1. రెండూ పెద్దగా నమ్మేవి కావు. పుట్టిన ఏడాది ఒక్కటే చెప్పినవాళ్ళకు చాలాసార్లు జనవరి 1 పడిపోయింది. బడిలో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని అయ్యవార్లు జూన్, జూలై తేదీలు వేసేవాళ్ళు. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. అంతకుముందు కాన్పుకు ఊరి మునసబు రాసిన పుస్తకం దొరికితే అదృష్టమే.

కాబట్టి అవ్వను తేదీ అడగొద్దు. తెలుగు సంవత్సరం పేరు అడగండి.

[తెర మీద: గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు. "నందన" అన్న మాట పెద్దదవుతుంది.]

"నందనలో పుట్టినా" అంటుంది. నందన 1952 ఉగాదితో మొదలై 1953 ఉగాదికి ముగిసింది. దానికి ముందు నందన 1892లో, తర్వాతది 2012లో. అరవై ఏళ్ళ తేడా కాబట్టి బతికున్న మనిషి విషయంలో పొరపాటు పడం. పొరపాటు ఇంకోచోట పడతాం. "నందన, మాఘమాసం" అందనుకోండి, చాలామంది 1952 అని రాసేస్తారు. మాఘం ఉగాదికి ముందే, జనవరి, ఫిబ్రవరి మధ్య వస్తుంది. అంటే ఆమె పుట్టింది 1953లో. మార్గశిరంలో అయితే 1952. పుష్యం వచ్చిందంటే రెండు ఏడాదుల మధ్య గీత దాటేచోటు, ఆ ఏటి పంచాంగం తీసి చూడాల్సిందే.

ఇంకో తికమక. "ధాత కరువులో మా వాళ్ళు ఊరు విడిచినారు" అన్న మాట కూడా వస్తుంది. ధాత కరువు 1876 నుంచి 1878 వరకు మన రాయలసీమను ఊడ్చేసిన కరువు. ధాత మళ్ళీ 1936లో వచ్చింది, కానీ కరువు పేరుగా నిలిచింది పాతదే. ఇప్పటి మనిషి దాన్ని చూసి ఉండదు, విని ఉంటుంది. చూసినదాన్నీ విన్నదాన్నీ ఒకే వరుసలో రాస్తే చరిత్ర కాస్తా పుకారవుతుంది.

కడప, కర్నూలు ముస్లిం ఇళ్ళలో ఆనవాలు పీర్ల పండగ, అంటే మొహర్రం. హిందువుల ఇళ్ళలోనూ అదే చెప్తారు, మన ఊళ్ళు అలాంటివి. ఈ పండగ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 1952లో సెప్టెంబరు చివర వస్తే, 1962కల్లా జూన్‌కు వచ్చేసింది. "పీర్ల పండగకు వారం ముందు బుడ్డలు విత్తుతాండ్లు" అన్నారంటే, బుడ్డలు (వేరుశనగ) విత్తేది జూన్ ప్రాంతంలో కాబట్టి, 1952 కాదు, 1962 చుట్టుపక్కల వెతకాలి.

[తెర మీద: దస్తావేజు దగ్గరగా. స్టాంపు, చేతిరాత, కింద వేలిముద్ర.]

ఏడాది ఒక దారికి వచ్చాక కాగితాలు. అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది పొలం క్రయ దస్తావేజు. పైన రాసిచ్చినవారి పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, కాపురం ఉన్న ఊరు. వయసు అంచనాకు రాయించేదే, దాన్ని పుట్టిన ఏడాదిగా తిప్పుకోవద్దు. ఆ తర్వాత అమ్మడానికి కారణం: ఫలానావారి బాకీ తీర్చడానికి, కూతురి పెండ్లి ఖర్చులకు. ఇంత సూటిగా కుటుంబం పరిస్థితి చెప్పే వాక్యం ఇంకెక్కడా దొరకదు. కిందికి రండి, చెక్కుబందీ: తూర్పున ఒకరి చేను, పడమర వంక, ఉత్తరం బండిబాట, దక్షిణం ఇంకొకరి కయ్య. మీరు వెళ్ళి మాట్లాడాల్సిన ఇళ్ళ జాబితా అదే. చివర సాక్షులు, దస్తూరి (కాగితం రాసిన చేతిరాత) ఎవరిదో. 1948 కాగితంలో వేలిముద్ర, 1965 కాగితంలో చేవ్రాలు ఉంటే మధ్యలో ఆ మనిషి అక్షరం నేర్చిందన్నమాట. ఎవరు నేర్పినారో అడగండి.

ఒక్క జాగ్రత్త. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి కాగితంలో తక్కువ ధర రాయించడం పాత అలవాటే. "ఎకరా ఇంతకు అమ్మినారు" అని రాయకండి, "దస్తావేజులో ఇంత చూపించినారు" అని రాయండి.

1983 తర్వాతి రిజిస్ట్రేషన్లకు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, కంప్యూటర్లోనే వస్తుంది. అంతకు ముందువాటికి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి. పేరు, ఊరు, ఏడాది సుమారుగానైనా చెప్పలేకపోతే పని జరగదు. కర్నూలు ఇళ్ళలో మాత్రం 2009 అక్టోబరు వరద చాలా పెట్టెలను తడిపేసింది. అక్కడ నకళ్ళతోనే మొదలుపెట్టాలి.

ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి దస్తావేజు చాలాసార్లు మూగబోతుంది. భూమి మగవాళ్ళ పేరున ఉండేది. పెండ్లయినాక పేరే మార్చిన ఇళ్ళూ ఉన్నాయి. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు రెండూ రాసుకుని ఓటర్ల జాబితా, పింఛను పుస్తకం, డ్వాక్రా గ్రూపు మినిట్స్ పుస్తకం చూడండి. డ్వాక్రా పుస్తకంలో ఎవరు ఎప్పుడు ఎంత అప్పు తీసుకున్నారో నెలలవారీగా ఉంటుంది.

[తెర మీద: మ్యాపు మీద కోయిలకుంట్ల. రంగు మారుతూ కడప, కర్నూలు, నంద్యాల.]

పేరున్నవాళ్ళ గురించి రాసేవాళ్ళు తప్పేది జిల్లా దగ్గర. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. అప్పుడు కోయిలకుంట్ల కడప జిల్లాలో ఉంది. కర్నూలు జిల్లాలో చేరింది 1858లో. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఇప్పటి జిల్లా పేరు పట్టుకుని వెతికితే ఒక్క కాగితమూ దొరకదు. అనంతపురం జిల్లా ఏర్పడిందే 1882లో, దానికి ముందు బళ్ళారి కాగితాల్లో చూడాలి. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, పాత పుస్తకాలకు, తాళపత్రాలకు కడపలో బ్రౌన్ గ్రంథాలయం.

[తెర మీద: అరుగు మీద ఇద్దరు. మధ్యలో ఫోన్.]

మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో జానెడు దూరంలో పెట్టండి. గంటకు మించి కూర్చోబెట్టొద్దు. "నీ జీవితం గురించి చెప్పవ్వా" అంటే "ఏముంది నాయనా చెప్పేకి" అంటుంది, అంతే. కాపురానికి వచ్చిననాడు పొయ్యి ఎట్లాంటిది, నీళ్ళు ఎంత దూరం, కూలి డబ్బులిచ్చేవాళ్ళా గింజలా అని అడగండి. పక్కన కూర్చున్న కొడుకు జవాబులు చెప్తూ ఉంటే టీ తెమ్మని పంపండి.

గంట మాటలను కాగితం మీద పెట్టడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడ ఆమె "బుడ్డలు" అంటే మీరు "వేరుశనగ" అని దిద్దొద్దు.

తర్వాత ఒక పట్టిక గీయండి: ఏడాది, జరిగింది, ఎవరు చెప్పారు లేక ఏ కాగితం, ఎంత నమ్మొచ్చు. నోటిమాటకూ కాగితానికీ పొత్తు కుదరని చోట రెండూ ఉంచి, ఏది ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయండి. ముఠా తగాదాలు, కోర్టు కేసులు వస్తే ఒక వర్గం మాట మీద రాయనేవద్దు. తీర్పు నకలు దొరికితే అంతవరకే. "ఆదర్శమూర్తి", "త్యాగశీలి" లాంటి మాటలు ఎన్ని తీసేస్తే మనిషి అంత కనిపిస్తుంది.

అచ్చుకు ఇచ్చేముందు మొత్తం ఆమెకు చదివి వినిపించండి, రికార్డరు ఆన్‌లో పెట్టే. "అది కాదులే, అప్పటికి పెద్దోడు పుట్టినాడు" అని ఆమె అడ్డుకునేది ఇక్కడే. పట్టికలో రెండు, మూడు ఏడాదులు కదులుతాయి. తీసేయమన్నది తీసేయండి, బతిమాలొద్దు.