రిహాబ్ మ్యాచ్‌కి వెళ్లి గ్రౌండ్ వైపు చూసేవాళ్లు అసలు ఆట మిస్సయిపోతున్నారు!

"రెండు ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయాడు, డబ్బులు దండగ!" ఇంకెన్నాళ్లండీ ఈ మాట? బేస్‌బాల్‌లో గాయం నుంచి కోలుకుంటున్న స్టార్ మేజర్ లీగ్‌కి తిరిగి వెళ్లేముందు కింది స్థాయి టీమ్‌తో ఆడేదే రిహాబ్ మ్యాచ్. 2024 ఆగస్టులో జేకబ్ డిగ్రామ్ అమెరికాలో టెక్సస్‌లోని ఫ్రిస్కోకి వచ్చాడు. లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు రెండుసార్లు గెలిచినవాడు, మేజర్ లీగ్ టీమ్ టెక్సస్ రేంజర్స్ అయిదేళ్లకి 185 మిలియన్ డాలర్లు ఇచ్చి తెచ్చుకున్న పిచ్చర్, అంటే బంతి వేసేవాడు. 2023 జూన్‌లో మోచేతికి టామీ జాన్ సర్జరీ, అంటే దెబ్బతిన్న లిగమెంట్‌ని సరిచేసే ఆపరేషన్. ఆ తర్వాత తొలిసారి మ్యాచ్‌లో బంతి పట్టింది ఫ్రిస్కోలోని రైడర్స్ ఫీల్డ్ స్టేడియంలో, మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే డబుల్-ఎ టీమ్ ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ తరఫున. వేసింది రెండే ఇన్నింగ్స్, బేస్‌బాల్ మ్యాచ్‌కి తొమ్మిది ఉంటాయి. ఏ స్టార్ రిహాబ్‌కి వచ్చినా ఇదే గోల మొదలవుతుంది. మోసం, పబ్లిసిటీ, టికెట్లు అమ్ముకోడానికే అని.

కాదు! ఒక్క మాట చెప్తాను, రాసిపెట్టుకోండి. రిహాబ్ మ్యాచ్ గ్రౌండ్‌లో జరగదు. పిచ్చర్లు వార్మప్ చేసుకునే బుల్‌పెన్‌లో జరుగుతుంది. మీరు ఏడుగంటలకి పాప్‌కార్న్ పట్టుకుని సీట్లో కూర్చునేసరికి సగం ఆట అయిపోయింది!

తిరుమలలో గంటలకొద్దీ క్యూలో నిలబడతాం. గర్భగుడి ముందు రెండు క్షణాలు నిలబడ్డామో లేదో "జరగండి, జరగండి" అంటారు. ఎవరైనా మోసం అంటారా? అనరు. ఆ రెండు క్షణాల్లో కళ్లు ఎక్కడ పెట్టాలో మనకి తెలుసు కాబట్టి. రిహాబ్‌కి వెళ్లేవాళ్లకి అదే తెలియట్లేదు.

2025 జనవరిలో ఢిల్లీలో ఏమైంది? రైల్వేస్ మీద రంజీ మ్యాచ్‌కి విరాట్ కోహ్లీ దిగాడు, 2012 తర్వాత మొదటిసారి. జనం విరగబడ్డారు. 6 పరుగులకే బౌల్డ్. అంతే, స్టాండ్స్ ఖాళీ. ఆ మనిషి నెట్స్‌లో ఎలా ఆడుతున్నాడో, కాలు ఎక్కడ పెడుతున్నాడో చూసినవాడికి నాలుగు రోజులకి సరిపడా సరుకు దొరికి ఉంటుంది. స్కోరు కోసం వెళ్లినవాడికి 6 దొరికింది.

ఇప్పుడు అసలు విషయం. రైడర్స్ ఫీల్డ్‌లో బుల్‌పెన్లు ఎక్కడున్నాయో చూశారా? చాలా స్టేడియాల్లో అవుట్‌ఫీల్డ్ గోడ వెనకాల దాచేస్తారు. ఫ్రిస్కోలో ప్రేక్షకుల కుర్చీల మధ్యలోనే కట్టారు! రేంజర్స్ సొంత స్టేడియం ఉన్న అర్లింగ్టన్‌లో మ్యాచ్‌కి ఎంత పెట్టినా ఇంత దగ్గర దొరకడం కష్టం. ఇక్కడ డిగ్రామ్ లాంటివాడు కొన్ని అడుగుల దూరంలో బంతి వేస్తుంటే మనవాళ్లు రైట్ ఫీల్డ్ వెనకాల లేజీ రివర్ (నీళ్లలో తేలుతూ తిరిగే కొలను) దగ్గర సెల్ఫీలు దిగుతున్నారు. కడుపు మండిపోతుందండీ!

టైమ్ చెప్తాను. మ్యాచ్ 7:05కి అనుకోండి. గేట్లు సాధారణంగా గంట ముందు తెరుస్తారు. స్టార్టింగ్ పిచ్చర్ ఆరున్నర ప్రాంతంలో అవుట్‌ఫీల్డ్‌లోకి వచ్చి ఒళ్లు సాగదీస్తాడు, తర్వాత దూరం పెంచుకుంటూ క్యాచ్ ఆడతాడు. మ్యాచ్‌కి 20 నిమిషాల ముందు బుల్‌పెన్‌లోకి. మీరు 6:25కల్లా హోమ్ టీమ్ బుల్‌పెన్ పక్కన ఉండాలి. హోమ్ బుల్‌పెన్ ఏ వైపో టికెట్ కొనేముందే సీటింగ్ మ్యాప్‌లో చూసుకోండి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. హోమ్ ప్లేట్ వెనకాల ఖరీదైన సీటు కొంటారు, బుల్‌పెన్ ఆ చివరెక్కడో ఉంటుంది.

అక్కడ నిలబడి పిచ్చర్ గ్లవ్ చూడండి. బంతి కాదు, గ్లవ్! వార్మప్‌లో ఏ బంతి వేయబోతున్నాడో ఎదురుగా బంతి పట్టే క్యాచర్‌కి గ్లవ్‌తోనే చెప్తాడు. గ్లవ్ ముందుకి విసిరినట్టు ఆడిస్తే ఫాస్ట్‌బాల్, అన్నిటికంటే వేగంగా వచ్చేది. పక్కకి జరిపితే స్లైడర్, పక్కకి జారేది. పైనుంచి కిందికి తిప్పితే కర్వ్, కిందికి వంగేది. తనవైపు లాక్కుంటే చేంజప్, వేగం తగ్గించి వేసేది. ఇది చదవడం వచ్చిందంటే బంతి చేయి దాటకముందే ఏం వస్తుందో మీకు తెలిసిపోతుంది. తర్వాత చెవి పెట్టండి. గంటకి 98 మైళ్ల బంతి క్యాచర్ గ్లవ్ మధ్యలో సరిగ్గా పడితే తుపాకీ పేలినట్టు ఉంటుంది. టీవీలో ఆ చప్పుడు రాదు. వెనకాల ఒకరు చేతిలో క్లిక్కర్‌తో ప్రతి బంతీ లెక్కపెడుతుంటారు, ఇంకొకరు టాబ్లెట్ చూస్తుంటారు. వాళ్ల మొహాలు చూడండి. సర్జరీ అయిన చేయి ఎలా ఉందో స్కోర్‌బోర్డు కంటే ముందు ఆ మొహాలు చెప్పేస్తాయి.

స్కోర్‌బోర్డు ఎందుకు చూడొద్దంటున్నానంటే, రిహాబ్ పిచ్చర్ గెలవడానికి రాలేదు. ఈ అంకెలు అతని మేజర్ లీగ్ రికార్డులో కలవవు. మొదటిసారి దిగినప్పుడు 25 నుంచి 35 బంతులు, తర్వాత ప్రతిసారీ ఓ 15 పెంచుకుంటూ పోవడం మామూలు పద్ధతి. ఈరోజు స్లైడర్ పరీక్షించాలనుకుంటే వరసగా అవే వేస్తాడు. ఎదుటి టీమ్‌లో ఇరవై రెండేళ్ల కుర్రాడు అది కనిపెట్టి హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొడతాడు. మర్నాడు "స్టార్ పని అయిపోయింది" అని థంబ్‌నెయిల్! చూడాల్సింది స్పీడ్ అండీ. మొదటి ఇన్నింగ్స్‌లో 98 వేసి రెండోదాంట్లో 95కి పడితే అలసిపోతున్నాడని. 98 దగ్గరే నిలిస్తే, వాడు హోమ్ రన్ ఇచ్చినా సరే, చేయి బాగుంది.

ఇంకోటి, ఆలస్యంగా రాకండి. హోమ్ పిచ్చర్ అయితే మ్యాచ్‌లో మొట్టమొదటి బంతి అతనిదే. పిచ్ క్లాక్ (బంతికీ బంతికీ మధ్య టైమ్ లిమిట్) వచ్చాక ఇన్నింగ్స్ చకచకా అయిపోతుంది. పార్కింగ్ వెతుక్కుంటూ పావుగంట పోగొట్టారంటే మీ స్టార్ సగం అయిపోయాడు.

బ్యాటర్ అయితే లెక్క వేరు. మొదటిరోజు సాధారణంగా డీహెచ్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే) రెండు మూడుసార్లు బ్యాటింగ్ చేసి వెళ్తాడు, ఆ తర్వాతే ఫీల్డింగ్, 5 ఇన్నింగ్స్, 7, చివరికి 9. డబుల్-ఎలో ఒకే ప్రత్యర్థితో మంగళవారం నుంచి ఆదివారం దాకా 6 మ్యాచ్‌లు. కాబట్టి బ్యాటర్ కోసం వెళ్లేవాళ్లు మొదటిరోజు ఎగబడకండి, రెండో మూడో రోజు వెళ్లండి. రూల్ ప్రకారం రిహాబ్ బ్యాటర్‌కి 20 రోజులు, పిచ్చర్‌కి 30 రోజులు. మేజర్ లీగ్ టీమ్ డాడ్జర్స్‌కి డబుల్-ఎ టీమ్ అయిన టల్సా డ్రిల్లర్స్ ఫ్రిస్కోకి వచ్చినప్పుడు డాడ్జర్స్ స్టార్ వాళ్లతో వచ్చే అవకాశం కూడా ఉంటుంది, అది మర్చిపోవద్దు.

వాన సంగతి. టికెట్ డబ్బులు సాధారణంగా తిరిగి రావు, ఇంకో రోజు మ్యాచ్‌కి చెల్లుతుంది. ఆ రోజుకి స్టార్ ఉండడు, ఎందుకంటే చేతి షెడ్యూల్ వాన కోసం ఆగదు. అందుకే పేరు ప్రకటించగానే పదిమందికి కొనేయకుండా వాతావరణం చూసి ముందురోజు కొనండి.

ఆటోగ్రాఫ్! బేస్‌బాల్ మీద మార్కర్ వాడకండి, తోలు మీద సిరా పాకిపోయి ఏడాదికి మసక అవుతుంది. నీలం బాల్‌పాయింట్ పెన్నే. మార్కర్ టోపీకి, కార్డుకి. అయినా పిచ్చర్ ఆడేరోజు వార్మప్ మధ్యలో పిలవొద్దు, తలెత్తడు. అమ్ముకోడానికి ఫైళ్లకి ఫైళ్లు పట్టుకొచ్చి పిల్లల్ని తోసేసే పెద్దమనుషులున్నారే, వాళ్లకి కొంచెమైనా సిగ్గుండాలి.

ఆ క్యాచర్ కుర్రాడిని కూడా చూడండి దయచేసి. 2023లో మైనర్ లీగ్ ఆటగాళ్లతో కుదిరిన ఒప్పందానికి ముందు డబుల్-ఎ ఆటగాడి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. ఆ ఒప్పందంతో 2023లో 30,250 అయింది. ఏడాదికి 37 మిలియన్ల చేయి వేసే బంతిని పట్టేది అతనే. అందుకే రిహాబ్‌కి వచ్చిన స్టార్ మ్యాచ్ అయ్యాక టీమ్ మొత్తానికి మంచి భోజనం పెట్టించడం ఆనవాయితీ. ఎంత మంచి ఆనవాయితీయో!

చివరిది, ఎవరూ చెప్పనిది. పిచ్చర్ రెండో ఇన్నింగ్స్ ముగించి డగౌట్‌లోకి వెళ్లగానే మీరూ లేచిపోకండి. 35 బంతులు వేయాలని ప్లాన్ ఉండి బ్యాటర్లు తొందరగా అవుటైపోయి 26కే పని అయిపోయిందనుకోండి, మిగతా 9 ఎక్కడ వేస్తాడు? బుల్‌పెన్‌కి నడిచొచ్చి అక్కడ వేస్తాడు! జనమంతా కార్ల వైపు వెళ్తుంటారు, మూడో ఇన్నింగ్స్ నడుస్తుంటుంది, రెయిలింగ్ దగ్గర ఎవరూ ఉండరు. ఆ 9 బంతులకి మీరు అక్కడ ఉండండి.