నిర్మాత పంతం పడితే: 'గాన్ విత్ ద విండ్' వెనక కథ

నమస్కారం. ఈ రోజు మాట్లాడుకునేది అమెరికా అంతర్యుద్ధ కాలం కథతో 1939లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'గాన్ విత్ ద విండ్' గురించి కాదు, ఆ సినిమా తీయడానికి పడ్డ పాట్లను చూపించిన డాక్యుమెంటరీ గురించి. పేరు 'ద మేకింగ్ ఆఫ్ ఎ లెజెండ్', 1988లో వచ్చింది. దర్శకుడు డేవిడ్ హింటన్. వ్యాఖ్యానం నటుడు క్రిస్టఫర్ ప్లమ్మర్‌ది. నిడివి రెండు గంటల పైమాటే.

ఇది తీయించింది అసలు సినిమా నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ కొడుకులే. కాబట్టి ఇందులో కథానాయకుడు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. నిజానికి ఆయన దానికి తగినవాడే. దర్శకుడు జార్జ్ క్యూకర్‌ను షూటింగ్ మొదలైన కొద్ది వారాలకే తప్పించి విక్టర్ ఫ్లెమింగ్‌ను తెచ్చాడు. ఫ్లెమింగ్ అలసిపోయి పక్కకు తప్పుకుంటే శామ్ వుడ్‌ను పిలిచాడు. రచయితలకైతే లెక్కే లేదు. నాయకుడి పాత్రకు ఎంజీఎమ్ స్టూడియో నటుడు క్లార్క్ గేబుల్ కావాలంటే ఎంజీఎమ్‌కు లాభాల్లో సగం ఇవ్వాల్సి వచ్చింది. ఆ స్టూడియో అధిపతి లూయీ మేయర్ స్వయానా సెల్జ్నిక్‌కు మామగారు! వ్యాపారంలో అల్లుడని ఏమీ తగ్గించలేదన్నమాట.

నన్ను కట్టిపడేసినవి నాయిక స్కార్లెట్ పాత్ర కోసం తీసిన స్క్రీన్ టెస్టులు. పాలెట్ గోడార్డ్, జీన్ ఆర్థర్, లానా టర్నర్... పేరున్నవాళ్లూ, పేరు కోసం చూస్తున్నవాళ్లూ వరసగా వస్తారు. నడుముకు కార్సెట్ తాళ్లు బిగించే సన్నివేశం అదే, మాటలూ అవే. మనిషి మారగానే స్కార్లెట్ మారిపోతుంది: ఒకరిలో గారాబం, ఇంకొకరిలో ఉత్త కోపం. ఎవరూ తీసేయదగ్గవాళ్లు కాదు. చివరికి ఆ పాత్ర దక్కిన వివియన్ లీ తెర మీదికి వచ్చాక మాత్రం, అంతకు ముందు కనిపించినవాళ్లంతా నటిస్తున్నారని తెలిసిపోతుంది. నటన నేర్చుకునేవాళ్లు ఈ ఒక్క భాగాన్నీ రెండుసార్లు చూడాలి.

సినిమాలో అట్లాంటా నగరం తగలబడే సన్నివేశం సంగతి ఇంకా విచిత్రం. 1938 డిసెంబర్ 10 రాత్రి, కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీ. కొత్త సెట్లకు చోటు కావాలి, సినిమాకు మంటలు కావాలి. దాంతో 'కింగ్ కాంగ్'లో వాడిన పెద్ద గోడతో సహా పాత సెట్లన్నీ తగలబెట్టేశారు. రంగుల్లో చిత్రీకరించే టెక్నికలర్ కెమెరాలు ఏడు తిరుగుతున్నాయి. అప్పటికి నాయిక ఎవరో తేలనే లేదు! మంటల ముందు బండిలో వెళ్లినవాళ్లు డూపులు. ఆ రాత్రే సెల్జ్నిక్ అన్న మైరన్, వివియన్ లీని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇక నాకు నచ్చనిది. బానిసత్వం నడిచిన కాలాన్ని అందమైన జ్ఞాపకంలా చూపించిన సినిమా 'గాన్ విత్ ద విండ్'. 1939 డిసెంబర్ 15న అట్లాంటాలో ప్రీమియర్ జరిగితే, వర్ణ వివక్ష చట్టాల వల్ల, స్కార్లెట్ ఇంటి బానిస మామీ పాత్రధారి హ్యాటీ మెక్‌డానియల్ రాలేకపోయారు. 1940 ఫిబ్రవరిలో ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి నటి ఆమే. ఆ వేడుకలోనూ ఆమెను తోటి నటుల బల్ల దగ్గర కాకుండా విడిగా కూర్చోబెట్టారు. సెల్జ్నిక్ తన సిబ్బందికి రాసిన మెమోలకు డాక్యుమెంటరీలో ఇచ్చినంత సమయం ఆమెకూ ఇచ్చి ఉండాల్సింది. నాన్నగారి మీద ప్రేమ ఇక్కడ కాస్త అడ్డొచ్చిందనే నా అనుమానం.

అసలు సినిమా చూడకపోతే మాత్రం ముందు అది చూసి రండి. కథలోని మలుపులన్నీ ఇందులో దాచకుండా చెప్పేస్తారు.