బూటు లేసు చుట్టిన ట్రోఫీ

[తెర మీద: ట్రోఫీ, బాగా దగ్గరగా]

ఈ ట్రోఫీని కాస్త నిదానంగా చూడండి. ఒక కడ్డీ, దాని కొసన రెక్కలు చాచిన పక్షి. ఇంతవరకు అన్ని అవార్డుల్లాగే ఉంది. ఇప్పుడు కడ్డీ చుట్టూ చూడండి. మెలికలు తిరిగి ఉన్నది తీగ కాదు, బూటు లేసు! అరకొర డబ్బుతో నెట్టుకొచ్చే పనికి అమెరికాలో అది గుర్తు. తొలినాళ్ల ట్రోఫీల్లోనైతే ప్లెక్సీగ్లాస్ పిరమిడ్ లోపల లేసులు వేలాడుతుండేవి.

ఇవి ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డులు. 1984లో పుట్టాయి. లాస్ ఏంజెలెస్‌లోని ఫిల్మ్ ఇండిపెండెంట్ అనే లాభాపేక్ష లేని సంస్థ వీటిని ఏటా ఇస్తుంది.

[తెర మీద: సముద్ర తీరం, తెల్లటి గుడారం]

సాంటా మోనికా బీచ్ పక్కన పార్కింగ్ స్థలంలో పెద్ద గుడారం వేసి, ఆస్కార్ హడావుడి మొదలయ్యే రోజుల్లోనే పట్టపగలు వేడుక జరపడం చాలా ఏళ్లు ఆనవాయితీగా సాగింది. నామినేషన్లు కమిటీలు ఖరారు చేస్తాయి. విజేతలను సంస్థ సభ్యులు ఎన్నుకుంటారు. రుసుము కడితే సినిమా రంగంతో సంబంధం లేనివారికీ సభ్యత్వం దొరుకుతుంది.

ఇంతకీ ఏది స్వతంత్ర చిత్రం? ఇక్కడ డబ్బు లెక్క వస్తుంది. నిర్మాణ వ్యయం ఒక గీత దాటకూడదు. 2022లో ఆ గీతను రెండుంబావు కోట్ల డాలర్ల నుంచి 3 కోట్ల డాలర్లకు జరిపారు. అంటే మన లెక్కలో 250 కోట్ల రూపాయలకు పైమాటే! ఆ సొమ్ముతో హైదరాబాద్‌లో అగ్రహీరో సినిమా తీసి, విడుదలకు ముందు ఘనంగా వేడుక కూడా చేయవచ్చు. 'చిన్న సినిమా' అని దాన్ని పిలవడానికి నాకు నోరు రాదు.

అందుకే ఈ వేడుకలో నాకు ముఖ్యమనిపించేది జాన్ కసవెటిస్ అవార్డు. 10 లక్షల డాలర్ల లోపు తీసిన చిత్రాలకే ఇస్తారు. 2022కు ముందు ఆ పరిమితి 5 లక్షలే. పేరు కూడా సరిగ్గా కుదిరింది. నటుడిగా సంపాదించింది దర్శకుడిగా ఖర్చుపెట్టిన మనిషి కసవెటిస్. సొంత ఇంట్లోనే షూటింగ్ చేశాడు, ఒక సినిమా కోసం ఆ ఇంటినే తాకట్టు పెట్టాడు.

[తెర మీద: హిమాలయాల దిగువన ఒక బోర్డింగ్ స్కూలు]

2025లో ఈ అవార్డు మన దేశపు చిత్రానికి దక్కింది. శుచి తలాటి తీసిన 'గర్ల్స్ విల్ బీ గర్ల్స్'. అందులో తల్లి పాత్ర కని కుసృతిది. అదే ఏడాది అంతర్జాతీయ చిత్రాల విభాగంలో పోటీపడిన పాయల్ కపాడియా చిత్రంలోనూ ఆమె ఉన్నారు.

మరో మార్పు: 2023 వేడుక నుంచి ఉత్తమ నటుడు, ఉత్తమ నటి అనే విభజన లేదు. ప్రధాన పాత్రకు ఒక అవార్డు, సహాయ పాత్రకు ఒకటి. ఆ ఏడు మిషెల్ యో, కి హుయ్ క్వాన్ గెలిచారు.

[తెర మీద: వేదిక, మైకు]

2025లో ఉత్తమ దర్శకుడు షాన్ బేకర్, చిత్రం 'అనోరా'. ఖర్చు 60 లక్షల డాలర్లు. ఆయన వేదికెక్కి కృతజ్ఞతలతో సరిపెట్టలేదు. ఒక చిత్రానికి మూడేళ్లు పడితే, చేతికొచ్చిన పారితోషికాన్ని మూడేళ్లకు పంచి చూడమన్నారు. అలా బతకడం కష్టమని, ముందుగా ఇచ్చే మొత్తం పెంచాలని అడిగారు. సుమారు వారానికి ఆస్కార్ వేదికపై అదే చిత్రానికి ఆయన నాలుగు అవార్డులు అందుకున్నారు: నిర్మాతగా, దర్శకుడిగా, రచయితగా, ఎడిటర్‌గా. నాలుగూ ఒక్కరే చేయడం ప్రతిభే, సందేహం లేదు. తక్కువ డబ్బుతో తీసే సినిమాలో అది చాలాసార్లు గత్యంతరం లేకపోవడం కూడా.