అత్తవారింటికి వెళ్లని మాత్ర

నిర్వాహకురాలు: డాక్టర్ గారూ, తాళాల గుత్తితోనే మొదలుపెడతాను. బస్టాండులో ఎవరికైనా మూర్ఛ జబ్బుతో ఫిట్స్ వస్తే చుట్టూ ఉన్నవాళ్లంతా జేబులు వెతుకుతారు. ఇనుముకు నిజంగా ఏమైనా మహిమ ఉందా?

డాక్టరు: (నవ్వుతూ) ఏమీ లేదమ్మా. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. గుత్తి దొరికి, చేతిలో పెట్టి, వేళ్లు మూసేసరికి ఆ సమయం గడిచిపోతుంది. పేరు తాళానికి దక్కుతుంది.

నిర్వాహకురాలు: మరి చేయవలసింది?

డాక్టరు: పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నురగ ఊపిరితిత్తుల్లోకి పోకుండా. తల కింద కండువా ఏదైనా మడిచి పెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏవీ వద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టవద్దు. ఫోనులో సమయం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి మొదలైనా 108కి ఫోను చేయాలి.

నిర్వాహకురాలు: లోపల, మెదడులో ఏం జరుగుతోంది అప్పుడు?

డాక్టరు: మెదడు కణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అవి ఒక్కసారిగా, గుంపుగా, అదుపు తప్పి సంకేతాలు పంపితే అదే ఫిట్. అయితే ప్రతి ఫిట్‌లోనూ కింద పడి కొట్టుకోరు. తరగతిలో పిల్లవాడు కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు, పరధ్యానమని టీచరు కోప్పడతారు. ఒకావిడ పెదవులు చప్పరిస్తూ కొంగు నలుపుతూ ఉంటుంది, పిలిచినా పలకదు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించి, ఏళ్లు గడిచాక మా దగ్గరకు వస్తారు.

నిర్వాహకురాలు: కారణం ఏమిటని అడిగితే?

డాక్టరు: కొందరిలో తలకు దెబ్బ, కొందరిలో పక్షవాతం, కొందరిలో పుట్టినప్పుడు ఊపిరి అందకపోవడం. చాలామందిలో కారణం దొరకదు. మన దేశంలో ఇంకొకటి ఉంది, పంది మాంసం ద్వారా వచ్చే బద్దెపురుగు. దాని గుడ్లు కడుపులోకి పోతే పిల్లపురుగులు మెదడుకు చేరి బుడిపెలు కడతాయి.

నిర్వాహకురాలు: మాంసం ముట్టనివాళ్లకు ఆ భయం లేదు కదా?

డాక్టరు: ఉందమ్మా! పురుగు ఉన్న మనిషి మలంలో గుడ్లు ఉంటాయి. మురుగునీటితో పెరిగిన ఆకుకూరను సరిగ్గా కడగకపోతే చాలు. శాకాహారుల ఇంట్లో ఈ మాట చెప్పడం నాకు ఇప్పటికీ పరీక్షే. స్కానింగులో తెలుస్తుంది, మందులతో నయమవుతుంది.

నిర్వాహకురాలు: మరి మూర్ఛకు మందు? జీవితాంతం మింగాలంటారు.

డాక్టరు: అందరూ కాదు. సరైన మందు వాడితే పదిమందిలో ఏడుగురికి ఫిట్స్ రాకుండా ఉంచవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఫినోబార్బిటాల్ అనే మందు 1912 నుంచి ఉంది, చాలా చవక. కనీసం రెండేళ్లు ఫిట్ రాకపోతే, కొందరికి మెల్లగా తగ్గిస్తూ ఆపుతాం. రెండు మందులు సరిగ్గా వాడినా లొంగకపోతే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. తిరువనంతపురంలోని శ్రీచిత్ర వైద్య సంస్థలో 1995 నుంచి చేస్తున్నారు. నా బాధ వీటి గురించి కాదు. మందు పనిచేస్తున్న అమ్మాయి పెళ్లి కుదరగానే దాన్ని మానేస్తుంది.

నిర్వాహకురాలు: తనే మానేస్తుందా?

డాక్టరు: తల్లి మాన్పిస్తుంది. అత్తవారింట్లో మాత్రల డబ్బా కనిపిస్తే ఎలా అని. ఒక్కసారిగా ఆపడమే ప్రమాదం. దానికి తోడు పెళ్లి పనులు, ఉపవాసం, రాత్రి ముహూర్తం, నిద్ర లేదు. నిద్ర చాలకపోతే ఫిట్ వస్తుందని తెలిసిన మనిషిని తెల్లవార్లూ పీటల మీద కూర్చోబెడతాం. దాచాలనుకున్నది పందిట్లోనే బయటపడుతుంది.

నిర్వాహకురాలు: చట్టం కూడా అడ్డుపడేదని విన్నాను.

డాక్టరు: అవును. మూర్ఛ పెళ్లికి అడ్డని హిందూ వివాహ చట్టంలో ఉండేది. ఆ మాటను 1999 సవరణలో తీసేశారు. సంబంధాలు మాట్లాడేవాళ్లకు ఆ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

నిర్వాహకురాలు: అయితే పెళ్లిచూపుల్లోనే చెప్పేయాలా?

డాక్టరు: మాట ఖాయం కాకముందే చెప్పండి. అమ్మాయికి అభ్యంతరం లేకపోతే ఇద్దరినీ నా దగ్గరకు పంపండి. పిల్లలకూ వస్తుందా అని అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. ఎక్కువ రకాల్లో ఆ అవకాశం తక్కువేనని చెబుతాను. గర్భం అనుకోవడానికి ముందే మందు మార్చాలేమో చూడాలి, ఎందుకంటే వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు కడుపులోని బిడ్డకు హాని చేయగలదు. అత్తగారు కూడా వస్తే ఇంకా మంచిది. పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆవిడకూ నేర్పుతాను.