వంకర పైపు కోయాలంటే ముందు గారె తెచ్చుకోండి

(బెంచి మీద వైస్, అంటే రెండు దవడల మధ్య వస్తువుని బిగించి పట్టే పనిముట్టు. పక్కన స్టీలు పళ్లెంలో ఒక గారె. చేతిలో 4 ఇంచీల ఎల్బో, అంటే 90 డిగ్రీలు వంగిన పైపు ముక్క.)

మా షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఎవరైనా సరే, మొదటి వారంలోనే ఈ మాట అంటాడు: "అన్నా, పైపు తిరిగిపోతోంది." అటు పక్క ఉన్న ఫిట్టర్ తలైనా ఎత్తకుండా "ఇంకాస్త బిగించరా" అంటాడు. కుర్రాడు వైస్ పిడికి పొడుగు పైపు తొడిగి, దానికి వేలాడి మరీ బిగిస్తాడు. పైపు మళ్లీ తిరుగుతుంది. ఈసారి సొట్ట కూడా పడుతుంది.

ఆ "ఇంకాస్త బిగించరా" వింటే నాకు ఒళ్లు మండుతుంది. వంకర పైపు జారేది బిగింపు చాలక కాదు, దవడకు పైపు సరిగ్గా ఆనక. తిన్నని పైపు కోయడం మీకు నేను చెప్పక్కర్లేదు. వంకర దానితోనే పేచీ.

ఇప్పుడు గారె ఎందుకంటే... నవ్వకండి. మధ్యలో చిల్లున్న మినప గారె. ఈ ఎల్బో ఏమిటి? ఇనప గారెలో నాలుగో వంతు. అంతే. నాలుగు ఎల్బోలు చివరలు కలిపి పెడితే నిండు గారె అవుతుంది.

గారెని పళ్లెంలో పడుకోబెట్టాను. చుట్టూరా ఒక గుండ్రటి గీత పొడవునా పళ్లేన్ని తాకుతోంది. కదిపినా ఊగదు. దాని మీద ఇంకో పళ్లెం బోర్లించి నొక్కితే పైనా అదే గీత, కిందా అదే గీత. ఇప్పుడు దీన్నే నిలబెడుతున్నాను, బండి చక్రంలా. తాకేది ఒక్క చుక్క. వేలు తీయగానే దొర్లిపోతుంది. దొర్లకుండా ఉండాలని పైనుంచి ఎంత గట్టిగా నొక్కినా, ఆ చుక్క చుక్కే.

మన వైస్ దవడలే ఆ రెండు పళ్లేలు. ఎల్బో వీపు (వంపు బయటి పక్క) ఒక దవడకు, కడుపు (వంపు లోపలి పక్క) ఇంకో దవడకు వచ్చేలా పెడితే అది నిలబెట్టిన గారె. వీపూ కడుపూ కాని మిగతా రెండు పక్కలు దవడలకు వచ్చేలా పెడితే పడుకున్న గారె. నూటికి తొంభై మంది, నాతో సహా ఒకప్పుడు, వీపూ కడుపూ పట్టే బిగిస్తారు. చేతికి అలాగే అందుతుంది మరి.

లెక్క కూడా చూడండి, సరదాగా ఉంటుంది. 4 ఇంచీల పైపు బయటి కొలత 114.3 మిల్లీమీటర్లు. ఇది లాంగ్ రేడియస్ ఎల్బో, అంటే పేరులో ఉన్న సైజుకి ఒకటిన్నర రెట్ల రేడియస్, అంటే నడిగీతకి 152. వీపు వంపు రేడియస్ సుమారు 210 అవుతుంది. 100 మిల్లీమీటర్ల వైస్ దవడ ఆ వీపుకి మధ్యలో ఆనిందనుకోండి, రెండు చివర్లలో 6 మిల్లీమీటర్ల సందు ఉంటుంది! ఆ సందుని బిగించి మూసేద్దామనుకుంటున్నాడు మన కుర్రాడు. దవడ 50 అయితే సందు ఒకటిన్నర. 25 అయితే అర మిల్లీమీటరు కూడా లేదు. పట్టే వెడల్పు సగం చేస్తే సందు నాలుగో వంతుకి పడిపోతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి, చెక్క దిమ్మల దగ్గర పనికొస్తుంది.

(చాప్ సా దగ్గరికి, అంటే గుండ్రటి డిస్క్ పైనుంచి దిగి ఇనుము కోసే మెషీన్.)

వీపు-కడుపు పట్టు జారడంతో ఆగితే ఫర్వాలేదు. ఎల్బో వీపు వెనక ఉన్న ఇనప గోడకు మధ్యలో ఆనుతుంది. ముందునుంచి వచ్చే దవడ కడుపు వైపు రెండు కొసలనీ నెడుతుంది. కోసేది సరిగ్గా నడుమ. ముక్క తెగే దాకా బాగానే ఉంటుంది. తెగబోతుండగా ఆ రెండు కొసలూ గోడ వైపు వంగుతాయి, గోడ పక్క కోత మూసుకుంటుంది, మధ్యలో ఉన్న డిస్క్ ఇరుక్కుంటుంది. 14 ఇంచీల డిస్క్ మీద 4,300 ఆర్‌పీఎం హద్దు అని రాసి ఉంటుంది చూడండి. ఆ వేగానికి దాని అంచు సెకనుకు 80 మీటర్లు పోతుంది. గంటకి 288 కిలోమీటర్లు! అలాంటిది ఇరుక్కుంటే పగలొచ్చు, ముక్కని విసరొచ్చు. నా దగ్గర ఒకసారి పగిలింది. ముక్క రేకుల కప్పుకి తగిలి పోయింది కాబట్టి ఈ వీడియో చేస్తున్నాను. ఫేస్ షీల్డ్ లేకుండా నా షెడ్డులో మెషీన్ స్విచ్ ముట్టుకోనివ్వను, అలిగినా సరే.

సరే, పట్టు కుదిరింది. కోత ఎక్కడ? మళ్లీ గారె. కత్తి గారె చిల్లు నడిమధ్యకి చూస్తూ దిగితే తెగిన ముఖం గుండ్రంగా వస్తుంది. కొంచెం పక్కకి చూస్తే కోడిగుడ్డులా వస్తుంది. గుడ్డుని గుండ్రటి పైపుకి వెల్డింగ్ చేయాలంటే ఇక సందులు పూడ్చడమే పని. 4 ఇంచీల పైపు మీద ఒక్క డిగ్రీ తేడా వస్తే ఒక పక్క 2 మిల్లీమీటర్ల సందు. అదే పైపు మీటరు దూరం పోయేసరికి పదిహేడు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది.

గీత గీయడానికి వీపు మీదా కడుపులోనూ టేపుతో వేరువేరుగా కొలవండి. ఈ ఎల్బోకి ఒక డిగ్రీ అంటే వీపు మీద 3.66, కడుపులో 1.66 మిల్లీమీటర్లు. 45 డిగ్రీలు కావాలంటే వీపు 164.6, కడుపు 74.8. ఈ రెండు చుక్కలనీ కలపడానికి కాగితం చుడితే ముడతలు పడి చికాకు పెడుతుంది. నేను చేసేది ఇదీ.

(రబ్బరు బ్యాండ్ తీసి ఎల్బోకి తొడుగుతూ.)

రబ్బరు బ్యాండ్. వంకరగా తొడిగాను, కావాలనే. కాస్త కదిపి వదిలేస్తే... చూశారా, తనంతట తనే సర్దుకుంది. గారె కండకి దారం కట్టి లాగితే ఎక్కడ ఆగుతుంది? అన్నిటికన్నా పొట్టి చుట్టు ఎక్కడుందో అక్కడ. ఆ పొట్టి చుట్టు ఎప్పుడూ చిల్లు నడిమధ్యకే చూస్తుంది. మనకి కావాల్సిన కోత అదే! ఇది మొదటిసారి గమనించిన రోజు నేను టీ కూడా మర్చిపోయాను. వీపు చుక్క మీదా కడుపు చుక్క మీదా బ్యాండ్ కూర్చోబెట్టండి. దాని అంచునే హోస్ క్లిప్ (గొట్టాలకి చుట్టి బిగించే ఇనప పట్టీ) బిగించి మార్కర్‌తో గీయండి. గ్రైండర్ వాడేటప్పుడు క్లిప్పే దారి చూపిస్తుంది.

డిస్క్ మందం మర్చిపోవద్దు. 14 ఇంచీల డిస్క్ 3 మిల్లీమీటర్ల లోహాన్ని తినేస్తుంది. కడుపు వైపు అది దాదాపు రెండు డిగ్రీలు. అందుకే ఒక 90 ఎల్బోలోంచి నిండు 45లు రెండు రావు. కావాల్సిన ముక్క గీతకి ఏ పక్క ఉందో చూసుకుని, డిస్క్‌ని అవతలి పక్క దించండి.

ఇక పల్చటి పైపు. రెయిలింగ్ ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) గొట్టం, బండి సైలెన్సర్ గొట్టం. ఇది గారె కాదు, పెరుగు గారె. పడుకోబెట్టి నొక్కినా చితుకుతుంది. దీనికి చెక్క దిమ్మలు కావాలి. పాతిక మిల్లీమీటర్ల మందం తుమ్మ చెక్కో టేకు చెక్కో తీసుకుని పైపు బయటి కొలతకి హోల్ సాతో చిల్లు చేయండి. చిల్లు నడుమనుంచి చెక్కని రెండుగా కోయండి. రంపం తిన్న మేరే మనకి బిగింపు. చెక్క మందం తక్కువ కాబట్టి ఇందాక చెప్పిన సందు లెక్క ప్రకారం వంపు అడ్డు రాదు. చిల్లు అంచుల్ని ఆకురాయితో కొంచెం అరగదీస్తే ఇంకా బాగా కూర్చుంటుంది. సైకిల్ ట్యూబ్ ముక్క లోపల అంటిస్తే పాలిష్ మీద గీత పడదు.

కొలత దగ్గర జాగ్రత్త. 2 ఇంచీల ఎస్ఎస్ గొట్టం బయట 50.8. అదే 2 ఇంచీలు అని అమ్మే 50 ఎన్‌బీ (పేరుకి చెప్పే లోపలి సైజు) ఎంఎస్ (మామూలు ఇనుము) పైపు బయట 60.3. పేరొకటే, చిల్లులు వేరు. దిమ్మ మీదే మార్కర్‌తో రాసి పెట్టుకోండి.

అయ్యో, బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది. మిగతాది గబగబా చెప్పేస్తాను.

ఒకే కోణం ముక్కలు ఇరవై ముప్పై కావాలంటే వైస్‌తో కుస్తీ వద్దు. ఎల్బో ఫ్యాక్టరీ ముఖాన్ని చదును ప్లేటు మీద నిలబెట్టి, మూలమట్టం చూసి, మూడు ట్యాకులు (చిన్న వెల్డింగ్ చుక్కలు) కొట్టండి. ఇక వైస్ పట్టేది ప్లేటుని, వంపుని కాదు. పని అయ్యాక ట్యాకులు గ్రైండ్ చేయండి. ఎస్ఎస్‌కి ఎంఎస్ ప్లేటు వాడొద్దు, ఆ మచ్చ దగ్గర తుప్పు పడుతుంది. జీఐ (జింకు పూత ఇనుము) అయితే ట్యాక్ పెట్టే చోట జింకు పూత ముందే అరగదీయండి, ఆ పొగ మంచిది కాదు.

పొడుగు రెయిలింగ్ బెండు అయితే బయటికి వేలాడే కాలు కింద అదే ఎత్తులో స్టాండు పెట్టండి. లేకపోతే దాని బరువే పైపుని తిప్పేస్తుంది. బిగించేది ఒక్క పక్కే. తెగే పక్కకి ఆసరా ఉండాలి, పట్టు ఉండకూడదు.

ఇంకోటి, 30 డిగ్రీలు కోశాక మిగిలింది దాదాపు 60. దాని వీపు మీద ఎంత మిగిలిందో కొలిచి రాసి ర్యాకులో పెట్టండి, స్క్రాపులో వేయకండి. ఒరేయ్, ఆ గారె అలా ఉంచు, ఇంకా కెమెరా ఆన్‌లోనే ఉం—